తెర వెనక పుట్టి తెర మీదికి వచ్చిన సురభి కమలాబాయి

పాలకొల్లు అనగానే క్షీరారామం గుడి గుర్తొస్తుంది. కొబ్బరికాయల వ్యాపారం గుర్తొస్తుంది. ఈ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. ఇది నాటకాల ఊరు. అల్లు రామలింగయ్య గారిది ఈ ఊరే. దాసరి నారాయణరావు గారిది కూడా ఈ ఊరే. ఇద్దరూ మొదట నాటకాలు ఆడారు. ఆ తర్వాతే సినిమాల్లోకి వెళ్ళారు.

వాళ్ళకంటే ఎంతో ముందే ఒక ఆడమనిషి ఆ దారిలో నడిచింది. ఆమె పేరు సురభి కమలాబాయి. తెలుగు మాట్లాడే మొదటి సినిమాలో కథానాయిక ఆమే. ఆమె కథ తెలుసుకుందాం.

ఆడవేషం ఎవరు వేసేవారు?

నూరేళ్ళ కిందట నాటకంలో సీత ఎవరు? మగవాడే. ద్రౌపది ఎవరు? మగవాడే. మగవాళ్ళే చీర కట్టి, సవరం పెట్టి, ఆడవేషం వేసేవారు. స్థానం నరసింహారావు గారు ఆడవేషాలకు ఎంతో పేరు పొందారు.

మరి ఆడవాళ్ళు ఎందుకు వెయ్యలేదు? వాళ్ళకు పాట రాక కాదు. మాట రాక కాదు. నలుగురి ముందు రంగు పూసుకుని నిలబడితే లోకం చిన్నచూపు చూసేది. "ఆమె మంచిది కాదు" అని ముద్ర వేసేది. అదే వేషం మగవాడు వేస్తే చప్పట్లు కొట్టేది. ఆ మాటలకు భయపడి ఎందరు ఆడవాళ్ళు తమ విద్యను ఇంట్లోనే దాచుకున్నారో!

సురభి వాళ్ళు ఏం చేశారు?

కడప జిల్లాలో సురభి అనే పల్లె ఉంది. 1885లో ఆ ఊళ్ళో ఒక పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళిలో వనారస గోవిందరావు గారి వాళ్ళు 'కీచకవధ' నాటకం ఆడారు. వాళ్ళు అంతకుముందు తోలుబొమ్మలాట ఆడే కుటుంబాల వాళ్ళు. అలా సురభి నాటక సమాజం పుట్టింది.

సురభి వాళ్ళది ఇంటిల్లిపాదీ ఆడే నాటకం. తాత, తండ్రి, తల్లి, కూతురు, కోడలు అందరూ వేషాలు వేస్తారు. తమ ఇంటి ఆడవాళ్ళకే ఆడవేషాలు ఇచ్చారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సంగతి. ఊరూరా డేరా వేసి, పాతాళభైరవి, మాయాబజారు వంటి నాటకాలు ఆడారు. మన పెద్దవాళ్ళు చాలామంది ఆ నాటకాలు చూసే ఉంటారు.

నాటకం మధ్యలో పురుడు

ఆ కుటుంబాల్లోనే కమలాబాయి పుట్టారు. ఆమె పుట్టుక గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆ రాత్రి ఆమె తల్లి వేషంలో ఉంది. నిండు చూలాలు. నాటకం జరుగుతూ ఉండగానే నొప్పులు వచ్చాయి. గబగబా తెర దించారు. తెర వెనకే బిడ్డ పుట్టింది. సంగతి తెలిసి జనం సంతోషించారు. బిడ్డకు కానుకగా డబ్బులు వేశారు.

ఆ తల్లిని చూడండి! పొలంలో నాట్లు వేస్తూ నొప్పులు పడ్డ తల్లులు మనకు తెలుసు. ఆమెకు నాటకమే పొలం.

కమలాబాయికి రంగస్థలమే బడి. చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి వేషాలు వేశారు. పెద్దవాళ్ళు పాడుతుంటే విని పాట నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఆడవేషాలే కాదు, మగవేషాలు కూడా వేశారు.

బొమ్మకు మాట వచ్చింది

మొదట్లో సినిమాకు మాట లేదు. బొమ్మ కదిలేది, అంతే. 1931లో బొంబాయిలో 'ఆలం ఆరా' అనే హిందీ సినిమా వచ్చింది. మన దేశంలో మాట్లాడిన మొదటి సినిమా అదే. దాన్ని టాకీ అన్నారు.

తర్వాత హెచ్.ఎం. రెడ్డి గారు తెలుగులో 'భక్త ప్రహ్లాద' తీశారు. అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైంది. అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతి వేషం కమలాబాయిది. ఒక పక్క భర్త మాట. ఇంకో పక్క కన్నబిడ్డ ప్రాణం. మధ్యలో నలిగే తల్లి ఆమె.

ఇప్పుడు సినిమాలో ఒకరు పాడతారు, ఇంకొకరు పెదవులు కదుపుతారు. అప్పుడు ఆ వీలు లేదు. నటించేవాళ్ళే పాడాలి. నటిస్తూ ఉండగానే ఆ గొంతు యంత్రంలోకి ఎక్కాలి. పాట తప్పితే మళ్ళీ మొదటినుంచి తియ్యాలి. అందుకే పాట, మాట రెండూ వచ్చినవాళ్ళు కావాలి. సురభిలో పెరిగిన కమలాబాయికి రెండూ వచ్చు. ఇంట్లో నేర్చుకున్న విద్యే ఆమెను బొంబాయి దాకా తీసుకెళ్ళింది.

అదే ఏడాది 'పాదుకా పట్టాభిషేకం'లో సీతగా, 'శకుంతల'లో శకుంతలగా నటించారు. ఒకప్పుడు మగవాళ్ళు వేసిన సీత వేషం ఇప్పుడు ఆడమనిషి వేసింది. ఊరూరా జనం చూశారు. ఆ తర్వాత ఆమె హిందీ సినిమాల్లో కూడా నటించారు. 1971లో కన్నుమూశారు.

మనకు ఏం తెలుస్తోంది?

కమలాబాయి ఒక్కరే ఈ దారి వెయ్యలేదు. ఆమెకంటే ముందు ఆమె తల్లి ఉంది. సురభి ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. లోకం ఏమన్నా వాళ్ళు వేషం కట్టారు. ఇంటి మగవాళ్ళు అడ్డు చెప్పలేదు, పక్కన నిలబడ్డారు. అందుకే ఆ ఇంటి బిడ్డ అంత దూరం వెళ్ళగలిగింది.

మీకు పాట వచ్చా? కోలాటం వచ్చా? కథ చెప్పడం వచ్చా? అదీ విద్యే. దాచుకోకండి. మీ అమ్మాయికి నేర్పండి. ఆమె నలుగురిలో పాడతానంటే అడ్డు పడకండి.

చదివి చెప్పండి

1. పూర్వం నాటకాల్లో ఆడవేషాలు ఎవరు వేసేవారు? ఎందుకు?
2. సురభి నాటక సమాజం ఏ ఏడాది పుట్టింది?
3. 'భక్త ప్రహ్లాద'లో కమలాబాయి ఏ వేషం వేశారు?
4. మీ ఊళ్ళో ఆట, పాట తెలిసిన ఆడవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు రాయండి.