దక్షిణాఫ్రికా గృహచ్ఛాయాచిత్రములు

తాళపత్రములకై యూరూర తిరిగిన పండితులకు తెలిసిన సంగతి యొకటి కలదు. గ్రంథమునకు చెదలకంటెను నిప్పుకంటెను పెద్ద శత్రువు దాని విలువ నెఱుగని వారసుడు. ఇంటిపెద్ద గతించిన పిమ్మట అటకమీది కట్ట చెత్తతో కలిసి పోవును. దానితో ఆ యింటి విద్యయు పోవును. దక్షిణాఫ్రికాలో ఇట్టి నాశమే వేఱొక వస్తువు విషయమున జరుగుచుండుట సాంతు మొఫొకెంగు అను ఛాయాచిత్రకారుడు కనిపెట్టెను. ఆ వస్తువు నల్లవారి గృహములందలి పూర్వుల ఛాయాచిత్రము.

మొఫొకెంగు 1956వ సంవత్సరమున జోహానెస్‌బర్గులో జన్మించి 2020లో గతించెను. ఆతడు మొదట సొవేటో వీథులలో పటములు తీయుచు వృత్తి నేర్చి, 1985లో ఆఫ్రాపిక్సు అను ఛాయాచిత్రకారుల సంఘమున చేరెను. పిదప విట్వాటర్స్‌రాండు విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధనసంస్థలో పనిచేసెను. ఆ కాలమున నల్లవారి బ్రదుకనగా లోకము చూచినది ఊరేగింపులును దెబ్బలును దారిద్ర్యమును మాత్రమే. కాని వారి యిండ్లలోని గోడలమీదను, పెట్టెలయడుగునను వేఱొక విధమైన చిత్రములు కానవచ్చెను. ఇల్లు సర్దునప్పుడు కొన్ని, యజమాని మరణించినప్పుడు కొన్ని పాఱవేయబడుచుండెను. మొఫొకెంగు కుటుంబముల నాశ్రయించి వానిని సేకరించి, చెడినవానిని బాగుచేసి, 1997లో 80 స్లైడుల ప్రదర్శనముగా కూర్చెను. దానికి ‘ది బ్లాక్ ఫోటో ఆల్బమ్ / లుక్ ఎట్ మి: 1890–1950’ అని పేరిడెను. ‘నల్లవారి చిత్రసంపుటము, నన్ను చూడుము’ అని దాని భావము. 2013లో అది గ్రంథరూపమునను వెలువడినది.

ఈ చిత్రములలోనివారు పట్టణములలో నివసించిన శ్రామికులును మధ్యతరగతివారును. పురుషులు కోటు తొడిగి, టోపీ చేతబట్టి నిలిచిరి. స్త్రీలు గళమువఱకు కప్పిన దీర్ఘవస్త్రములు ధరించిరి. వెనుక చిత్రించిన తెర, ప్రక్కన చెక్కిన కుర్చీ, ఒడిలో పుస్తకము. బ్లూమ్‌ఫాంటీనులో సకుటుంబముగా కూర్చున్న బిషప్పు జేకబస్ జి. క్సాబా చిత్రము అందొకటి. విక్టోరియా రాణికాలపు ఆంగ్లమర్యాద అంతటను కానవచ్చుచున్నది.

వీనికి ప్రతిపక్షముగా నిలుచునవి పాలకుల యాదరము పొందిన చిత్రములు. ఆల్‌ఫ్రెడ్ మార్టిన్ డగ్గన్ క్రోనిన్ అనునాతడు 1928 మొదలు 1954 వఱకు ‘ది బాంటూ ట్రైబ్స్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా’ అను పేర పదునొకండు సంపుటములు ప్రకటించెను. అందు మనుష్యులు ప్రధానముగా తెగలకు ఉదాహరణములు. సంప్రదాయవేషమే వారికి గుర్తు. వానిని మాత్రమే చూచినవారికి నల్లవాడు పట్టణమునకు అతిథియే కాని పౌరుడు కాడని తోచుట సహజము.

ఈ భేదము వేషమునకు సంబంధించినది మాత్రము కాదు. కేపు రాజ్యమున 1853నాటి నిబంధన ప్రకారము నియతమైన ఆస్తి గల పురుషునకు వర్ణభేదము లేక వోటుహక్కు ఉండెను. 1892నాటి శాసనము ఆ యాస్తి మితిని 25 పౌనులనుండి 75 పౌనులకు పెంచి, వోటరు తన పేరును, నివాసమును, వృత్తిని స్వయముగా వ్రాయగలిగి యుండవలెనని విధించెను. 1913నాటి భూమిశాసనము దేశమందలి భూమిలో నూటికి ఇంచుమించు ఏడుపాళ్లు మాత్రమే నల్లవారికి విడిచెను. 1936లో కేపునందలి నల్లవారి పేర్లు సామాన్యవోటర్ల పట్టికనుండి తొలగింపబడెను. 1950లో ప్రతిమనుష్యుని జాతివారీగా నమోదుచేయు శాసనమును, 1952లో నల్లవారు ఛాయాచిత్రముగల గుర్తింపుపుస్తకమును సదా దగ్గఱ నుంచుకొనవలెనను శాసనమును వచ్చెను. ఇంటి గోడమీద గౌరవచిహ్నముగా నుండిన ఛాయాచిత్రము జేబులో సంకెలయయ్యెను. ఆ నిర్బంధము 1986లో గాని తొలగలేదు.

ఇక నిచట విచారింపదగిన ప్రశ్న యొకటి కలదు. ఈ వేషము పాలకుల యనుకరణము గాన, ఈ చిత్రములు మనస్సునందలి దాస్యమునకే సాక్ష్యము లని పూర్వపక్షము. నల్లవారిని గూర్చి పాశ్చాత్యులు కల్పించిన రూపమును ఇవి నిరాకరించుచున్నవని రెండవ పక్షము. మొఫొకెంగు ఈ రెండు పక్షములను తన స్లైడులమీద ప్రశ్నలుగానే యుంచి, చూచువానికి నిర్ణయము విడిచెను. ఆ కాలపు శాసనములతో కలిపి చదివినచో రెండవ పక్షమునకు బలము హెచ్చు. అక్షరజ్ఞానమును ఆస్తియును హక్కునకు ద్వారములని ప్రభుత్వమే చెప్పిన దినములలో, పుస్తకము చేతబట్టి కూర్చుండుట అలంకారమాత్రము కాదు. ఆ ద్వారమువద్దకు వచ్చి నిలుచుటయే. తలుపు మూయబడినది వారి లోపమున గాదు. అయినను పూర్వపక్షము పూర్తిగా కొట్టివేయదగినది కాదు. తాము యోగ్యులమని చూపుటకు పరుల కొలమానమునే పట్టుకొనవలసివచ్చిన దుఃఖము ఆ ముఖములయందే కలదు.

మొఫొకెంగు చేసిన పనిలో ఘనమైనది ఆతని విచారణపద్ధతి. చిత్రము దొరకుటతో ఆతడు తృప్తి పొందలేదు. ఇందలివారెవరు, ఏ సందర్భమున తీయించుకొనిరి, తీసినవారెవరు అని కుటుంబములవారి నడిగి, తెలిసినంతవఱకు వ్రాసెను. తెలియనిచోట తెలియలేదనియే వ్రాసెను. పాఠము శిథిలమైనచోట తన పద్యమును చొప్పింపక ఖాళీ విడుచు పరిష్కర్త ధర్మ మిదియే. పేరు, నివాసము, వృత్తి అని 1892నాటి శాసనము అడిగిన మూడు వివరములే ఆ యజ్ఞాతచిత్రములలో లోపించినవి. అవి లేనిచో గౌరవముగా కూర్చున్న తల్లియు మరల ఒక జాతికి ఉదాహరణము మాత్రమే యగును; ఏ చూపునుండి తప్పించుకొనుటకు ఆమె పటము తీయించుకొన్నదో ఆ చూపునకే చిక్కును.

ఈ మార్గము ఆతనితో ఆగలేదు. 1990లో జన్మించిన లెబొహాంగ్ కగాన్యె, తల్లి మరణించిన పిదప ఇంటనున్న పాతచిత్రములను తీసి, తల్లి దుస్తులనే ధరించి, తల్లి నిలిచిన తావులలో అదే భంగిమతో నిలిచి, ఆ రెండు రూపములను ఒకే చిత్రమున కలిపెను. 2013నాటి ఆ కృతికి సోతోభాషలో ‘కె లెఫా లాకా’ అని పేరు. ‘ఇది నా వారసత్వము’ అని యర్థము. ఆమె వంశనామము దస్తరములలో పలువిధముల వర్ణక్రమముతో కానవచ్చుటయు ఆమె విచారించిన విషయములలో నొకటి. పేరు వ్రాయుటయందలి యజాగ్రత్త ఒక కుటుంబమును పలుకుటుంబములుగా చీల్చగలదు.

కావున గృహచ్ఛాయాచిత్రము స్వయముగా చరిత్ర కాదు, చరిత్రకు సాక్షి. సాక్షిని ప్రశ్నించుటకు ఎఱిగినవారు బ్రదికియుండవలెను. పటము పెట్టెలో నూఱేండ్లు నిలువవచ్చును; దానిలోని మనుష్యుని పేరు చెప్పగల ముసలమ్మ అంతకాలము నిలువదు.