మందకు తోడు జోనంగి
పని చెబితే కాపలా, కట్టేస్తే బెడద

జంగారెడ్డిగూడెం: మెట్ట ప్రాంతంలో గొర్రెల మంద ఎక్కడ దిగినా దాని వెంట ఒక కుక్క ఉండటం ఆనవాయితీ. పొగాకు, మొక్కజొన్న తీసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మంద కట్టించుకుంటారు. రాత్రి వేళ నక్క వచ్చినా, దొంగ వచ్చినా కాపరి కంటె ముందు పసిగట్టేది ఆ కుక్కే. అటువంటి కుక్కను ఎంచుకోవడంలో పొరపాటు పడితే మందకు మేలు జరగకపోగా కీడు జరిగే ప్రమాదమున్నది.

వేలకు వేలు పోసి పట్నం నుంచి బొచ్చు కుక్కను తెచ్చుకోవాలని కొందరికి ఉబలాటం. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో గొర్రెలను మళ్లించే బోర్డర్ కోలీ జాతి పనిలో మేటి అనడంలో సందేహం లేదు. కాపరి ఈల వేస్తే చాలు, మందను అటూ ఇటూ తిప్పుతుంది. కాని అది చలి దేశపు జంతువు. దాని ఒత్తయిన బొచ్చుకు మన రోహిణి కార్తె ఎండ గిట్టదు.

కొల్లేటి కుక్క

మనకు దగ్గరలోనే, కొల్లేటి చుట్టుపక్కల లంకల్లో, జోనంగి అనే దేశవాళీ జాతి ఉన్నది. బొచ్చు లేనట్టే కనిపించే నున్నని చర్మం, ముడతలు పడిన నుదురు, నిక్కపొడుచుకున్న చెవులు దీని గుర్తులు. మిగతా కుక్కల మాదిరిగా మొరగదు. సన్నగా రాగం తీసినట్టు అరుస్తుంది. నేలలో గుంట తవ్వుకొని చల్లగా పడుకోవడం దీని అలవాటు. ఒక ఇంటికి మాలిమి అయితే మరొకరిని దగ్గరకు రానీయదు.

వరి కోతలయ్యాక రాలిన గింజల కోసం బాతుల మందలను చేలమీద తోలుకుపోయే కాపరులకు ఈ కుక్కే కుడి భుజంగా ఉండేది. దారి తప్పిన బాతును కరవకుండా మళ్లించి గుంపులో కలిపేది. తరువాతి కాలంలో కొల్లేటిలో చేపల చెరువులు పెరిగి బాతుల మందలు తగ్గాయి. పని పోయిన కుక్కలు చెరువుల మీద పడ్డాయి. కాపలా కాసిన జంతువే చెరువు యజమానులకు శత్రువయింది. ఈ విధంగా జాతి క్షీణిస్తూ వచ్చింది.

2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగంలో దేశవాళీ కుక్కలను పెంచాలని కోరుతూ కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై వంటి జాతులను పేర్కొన్నారు. ఆ వరుసలో జోనంగి పేరు లేదు. మన కుక్కను మనమే నిలుపుకోవాలి.

పిల్లను ఎంచుకునేటప్పుడు

తల్లీ తండ్రీ మందలో పనిచేస్తుండగా చూసి పిల్లను తెచ్చుకోవడం మంచిది. రెండు నెలల వయసు నిండనివ్వాలి. కళ్లలో పుసి, ముక్కు నుంచి చీమిడి కారరాదు. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. పొట్ట ఉబ్బి ఉంటే నులిపురుగులున్నట్లు అనుమానించాలి. చప్పట్లు కొడితే మూలకు నక్కే పిల్ల గాని, మీదకు ఉరికి కరిచే పిల్ల గాని మందకు పనికిరాదు. ఒక్క క్షణం ఉలిక్కిపడినా తిరిగి దగ్గరకు వచ్చి వాసన చూసే పిల్లే మేలు.

మందను మళ్లించడమనేది నిజానికి వేట బుద్ధే. తరమడం ఉంటుంది, కరవడం ఉండదు. ఆ తేడా చిన్నప్పుడే నేర్పాలి. పిల్లను పొడుగు తాడుతో మంద పక్కన తిప్పుతూ, 'ఆగు' అంటే ఆగడం మొదట అలవాటు చేయాలి. పిల్లలు సరదాకు మేకల వెంట ఉసిగొల్పితే ఆ కుక్క తరువాత గొర్రెను పట్టక మానదు. ఇటువంటి చురుకైన జాతిని పగలంతా గొలుసుతో కట్టేస్తే గోడలు తవ్వుతుంది, కోళ్లను పడుతుంది. పొద్దున, సాయంత్రం తిప్పే తీరిక లేనివారు దీని జోలికి పోకపోవడమే ఉత్తమం.

చచ్చిన గొర్రె తల వేయరాదు

మజ్జిగన్నం ఒక్కటే పెడితే కుక్కకు సత్తువ చాలదు. ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప, పప్పు కలిపి పెట్టాలి. చచ్చిన గొర్రె తలను, పచ్చి పేగులను, కాలేజాన్ని మాత్రం కుక్కకు వేయరాదు. గొర్రె మెదడులోని నీటి తిత్తిని తిన్న కుక్క కడుపులో బద్దె పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంట ద్వారా మేతలో కలుస్తాయి. ఆ మేత తిన్న గొర్రె మెదడులో మళ్లీ తిత్తి కట్టి, తల ఒక పక్కకు వంచి గుండ్రంగా తిరుగుతూ చివరకు చనిపోతుంది. మరొక రకం బద్దె పురుగు వల్ల మనుషుల కాలేయంలోనూ తిత్తులు ఏర్పడతాయి. అందువల్ల చచ్చిన జీవాన్ని లోతుగా పూడ్చాలి. పశువైద్యుని సలహాపై కుక్కకు క్రమం తప్పకుండా పురుగుల మందు తాగించాలి. గోమార్లు పట్టకుండా చూడాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది పిచ్చికుక్క వ్యాధి టీకా. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. 1885 జూలై 6న పాశ్చర్ ఈ వ్యాధి టీకాను మొదటిసారి ఒక బాలునికి వేయించారు. అందుకే ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచిత టీకాల కార్యక్రమాలు జరుపుతుంటారు. ఆ రోజును కాపరులు వినియోగించుకోవాలి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసరు కట్లు, మంత్రాలు నమ్ముకుంటే ప్రాణం పోతుంది. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు.

మందకు కాపలా ఉండే కుక్కకు టీకా వేయించడమంటే మందతో పాటు ఇంటిని కూడా కాపాడుకోవడమే.