కాలేయ క్యాన్సర్ రోగులూ, ఆ చిన్న మాత్ర ఆపకండి

కాలేయ క్యాన్సర్‌కు వైద్యం చేయించుకుంటున్న చాలామంది మందుల సంచిలో రోజుకు ఒకటి వేసుకునే చిన్న మాత్ర ఉంటుంది. టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ. "సిస్టర్, ఇది కామెర్ల మాత్రట కదా, ఇప్పుడు కామెర్లు లేవు, ఆపేయొచ్చా?" అని ఇంటివాళ్లు అడుగుతుంటారు. కొందరైతే అడగకుండానే ఆపేస్తారు. ముఖ్యంగా వారి కోసమే ఇది రాస్తున్నాను.

అది హెపటైటిస్-బి వైరస్‌ను అణచి ఉంచే మాత్ర. ఈ వైరస్ ఏళ్ల తరబడి కాలేయంలో ఉండిపోయి, చివరకు క్యాన్సర్‌కు దారితీస్తుంది. గడ్డకు వైద్యం జరుగుతున్నా వైరస్ లోపలే ఉంటుంది. కీమోథెరపీ, స్టెరాయిడ్లు, రక్తనాళం గుండా గడ్డలోకి ఎక్కించే మందు రోగనిరోధక శక్తిని తగ్గించినప్పుడు అది ఒక్కసారిగా పెరుగుతుంది. తరువాత శక్తి తిరిగి పుంజుకున్నప్పుడు శరీరం ఆ వైరస్ ఉన్న కాలేయ కణాల మీదే దాడి చేస్తుంది. అప్పటికే గట్టిపడిన కాలేయం ఆ దెబ్బకు తట్టుకోలేదు. క్యాన్సర్ మందు మధ్యలో ఆపవలసి వస్తుంది. గడ్డ తగ్గుతూ ఉన్న మనిషిని కూడా వైరస్ వల్ల పోగొట్టుకోవచ్చు. మాత్ర వేసుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

కాబట్టి కీమో మొదలుపెట్టకముందే హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ పరీక్షలు చేశారా అని డాక్టరుగారిని అడగండి. అడగడం తప్పు కాదు. మియాపూర్ నుంచి మెట్రోలో రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లి వచ్చేవారు, జ్వరమొచ్చి దగ్గరలోని మరో ఆసుపత్రికి వెళితే అక్కడి ఫైలు తప్పక వెంట తీసుకువెళ్లండి. ఫైలు లేకపోతే ఏ మందు నడుస్తోందో అక్కడివారికి తెలియదు.

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి చచ్చిపోవడం, వాంతులు, మనిషి మగతగా ఉండటం కనిపిస్తే ఆరోజే రండి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అంతే. దయచేసి పసరు మందు పోయించకండి, చేతికి వాతలు పెట్టించకండి. ఆ నాలుగు రోజులే రోగికి కీలకం.

ఇక కుటుంబం మాట. రోగికి కంచం, గ్లాసు వేరుగా పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నాకది చాలా బాధ కలిగిస్తుంది. కలిసి తినడం, కౌగిలించుకోవడం, ఆరాధనలో పక్కన కూర్చోవడం వల్ల ఈ వైరస్ రాదు. రక్తం ద్వారా, భార్యాభర్తల కలయిక ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. వేరు చేయవలసింది బ్లేడు, టూత్ బ్రష్, గోళ్లు తీసే కత్తెర.

పుట్టుకతో సోకిన బిడ్డల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపే టీకా. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచే వచ్చేది, సామాన్యులకు అందేది కాదు. 1997లో మన హైదరాబాదులోనే వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ 'శాన్‌వాక్-బి' తయారుచేశాక ధర దిగివచ్చింది. పిల్లల టీకాల కార్యక్రమంలో 2002-03లో కొన్నిచోట్ల మొదలై, 2011-12 నాటికి దేశమంతటా చేరింది. అంతకుముందు పుట్టిన పెద్దవాళ్లలో చాలామందికి ఈ టీకా పడలేదు. రోగి భార్య లేక భర్త, పిల్లలు, తోబుట్టువులు అందరూ పరీక్ష చేయించుకోండి. వైరస్ లేనివారికి మూడు డోసులు: ఇవాళ, నెలకు, ఆరు నెలలకు. ఉన్నవారికి 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద మందులు ఉచితం.

హెపటైటిస్-సి సంగతి వేరు. దానికి టీకా లేదు గాని, సాధారణంగా మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది క్యాన్సర్ డాక్టరు చెప్పాలి. ఏ, ఈ రకాలు కలుషితమైన నీటితో వస్తాయి. కాలేయం దెబ్బతిన్నవారికి అవి ప్రాణాంతకం కావచ్చు. రోగికి కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి, బయటి చెరకు రసం, పానీపూరీ వద్దు.

హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షకు పరగడుపున రానవసరం లేదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి రావచ్చు.