ఇంటి లెక్క, బడి లెక్క

“అట్ల కాదమ్మా, మా మేడం అట్ల చెప్పలేదు!” సాయంత్రం పిల్లల్ని లెక్కలకు కూర్చోబెట్టిన ఏ తల్లికైనా ఈ మాట కొత్త కాదు. మా తిరుమణిలో మరీను. మాది కర్ణాటకలోని పావగడ తాలూకా. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. మనం ఎక్కం అంటే పిల్ల మగ్గి అంటుంది. ఒకట్లు, పదులు అంటే బిడి, హత్తు అంటుంది. మాటల తేడా పదిరోజుల్లో అలవాటైపోతుంది. అసలు చిక్కంతా పద్ధతిలో ఉంది.

47కు 38 కలపాలంటే మనం ఒకదాని కింద ఒకటి వేసి, ఏడూ ఎనిమిదీ పదిహేను, అయిదు కిందవేసి ఒకటి పైన పెట్టుకునేవాళ్లం. ఇప్పటి పిల్లలు 40, 30 కలిపి 70, 7, 8 కలిపి 15, మొత్తం 85 అంటారు. 23ను 14తో హెచ్చవేయమంటే నాలుగు గళ్ల పెట్టె గీస్తారు. ఒకవైపు 20, 3. ఇంకోవైపు 10, 4. గళ్లలో 200, 30, 80, 12 వేసి, అన్నీ కూడి 322 తేలుస్తారు. రెండు వరసల్లో తేలేదానికి ఇంత తంటా ఎందుకని మనకు విసుగు.

ఈ విసుగు మన ఒక్కరిదే కాదు. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగరేశాక అమెరికా తన బడుల్లో “కొత్త లెక్కలు” పెట్టింది. అక్కడి తల్లిదండ్రులూ ఇలాగే తలలు పట్టుకున్నారు.

అయితే ఈ పద్ధతి నిజంగా మనది కాదా? మా ఊరి చుట్టుపక్కల అయిదు ఊళ్ల పొలాల్లో 13,000 ఎకరాల సోలార్ పార్కు వచ్చింది. 2018లో దాన్ని ప్రారంభించారు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి నూటికి అయిదు పెంపు. మూడున్నర ఎకరాలిచ్చిన ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని చెప్పిన లెక్క వినండి. “మూడు ఇరవైఒకట్లు అరవైమూడు వేలు. అర ఎకరాకు పదిన్నర వేలు. డెబ్బైమూడున్నర వేలు.” పెంపు? “పదో వంతు రెండు వేల నూరు, అందులో సగం వెయ్యిన్ని యాభై. ఎకరాకు ఇరవైరెండు వేల యాభై.” కాగితం లేదు, పెన్సిలు లేదు. సంఖ్యను విడదీసి, సులువైన ముక్కలు చేసి, మళ్లీ కలపడమే ఆయన చేసింది. మనవరాలి పెట్టెలోనూ జరిగేది అదే!

పావు తక్కువ ఆరు అనే మాట కూడా ఇలాంటిదే. కిలో 98 రూపాయలైతే అయిదు కిలోలకు అంగడిలో ఏమంటారు? అయిదువందలకు పది తక్కువ. చదువు రాదనుకునే అవ్వలు కూడా ఇట్టే చెప్పేస్తారు.

అందుకే, “నాకు ఈ లెక్కలు రావు, ట్యూషన్‌కు పంపుతాను” అనే తల్లుల్ని చూస్తే బాధేస్తుంది. రాకపోవడమేమిటి, రోజూ చేస్తూనే ఉన్నారు గదా! “ఇదంతా తప్పు” అని పిల్ల రాసింది కొట్టేస్తే మాత్రం నష్టం ఉంది. బడిలో మేడం ఒకటి, ఇంట్లో అమ్మ ఒకటి చెబితే ఎవరిని నమ్మాలో తెలియక ఆ పిల్ల పుస్తకం చూపించడమే మానేస్తుంది. “ఎట్ల చేశావో నాకు చెప్పు పాపా” అని అడగండి. చెప్పేటప్పుడే తన పొరపాటు తనకే దొరుకుతుంది. తర్వాత మన పద్ధతిలో పక్కనే వేసి చూపించవచ్చు. జవాబు రెండింటికీ ఒకటే వస్తే పిల్లల ముఖం చూడాలి!

ఒక్క విషయంలో మాత్రం నేను పాతకాలం మనిషినే. ఎన్ని గళ్లు గీసినా గడిలో వేసే అంకె కోసం ఎక్కం రావాల్సిందే. అది మగ్గి అయినా సరే, పడుకునే ముందు ఒకసారి అప్పజెప్పించుకోండి.