కంకర ఎంత కొనవలెను?

సిద్దిపేట ప్రాంతమున గ్రానైటు, నైసు రాళ్ళకు కొదువ లేదు. ఈ రాయి యుగయుగాలుగా ఎండకు, వానకు శిథిలమైనచోట మొరము ఏర్పడినది. గట్టి రాయిని యంత్రములతో పగులగొట్టగా కంకర వచ్చుచున్నది. రోడ్డు నుండి ఇంటి గేటు వరకు బండి దారి వేయదలచినవారు ఈ రెంటినే కొందురు. లెక్క తక్కువైనచో మరొక ట్రాలీకి కిరాయి ఇయ్యవలెను. ఎక్కువైనచో మిగిలిన కుప్ప వాకిట పడియుండును.

ఒక దారి పొడవు 12 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు అనుకొందము. అణిగిన పిదప కంకర మందము 10 సెంటీమీటర్లు, అనగా 0.10 మీటరు ఉండవలెను. ఈ మూడింటిని గుణించగా 3.6 ఘనపు మీటర్లు వచ్చును. అయితే అంతే కంకర కొన్నచో దారికి చాలదు. ఎందుచేత?

ట్రాలీలో ఉన్నది రాయి మాత్రమే కాదు; రాళ్ళ మధ్య గాలి కూడ ఉన్నది. దీనిని పాఠశాలలోనే చూడవచ్చును. పది లీటర్ల బకెట్టును తడిపిన కంకరతో అంచు వరకు నింపి, కొలిచిన నీటిని మెల్లగా పోయవలెను. సుమారు 4 లీటర్లకు పైగా నీరు పట్టును. ఆ నీరు నిండిన చోటే సందుల పరిమాణము. 40 మిల్లీమీటర్ల కంకరకు బదులు 20 మిల్లీమీటర్లది వాడినను ఫలితము దాదాపు మారదు. కాని రెంటిని కలిపినచో చిన్నరాళ్ళు పెద్దవాని సందులలో దూరి, పట్టు నీరు తగ్గును.

రోలరు నడచినపుడు జరుగునదియు ఇదే. కోణములు గల రాళ్ళు ఒకదానితో నొకటి పెనవేసుకొని, సందులు తగ్గును. 19వ శతాబ్ది ఆరంభమున స్కాట్లండు దేశీయుడైన మకాడం రోడ్లు వేసినది ఈ సూత్రము పైననే. నున్నని ఏటి గులకరాళ్ళు ఇట్లు పట్టుకొనక దొర్లిపోవును.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణముల ప్రకారము, 45–90 మిల్లీమీటర్ల కంకరతో 10 చదరపు మీటర్ల మేర 10 సెంటీమీటర్ల అణిగిన పొర వేయుటకు 1.21 నుండి 1.43 ఘనపు మీటర్ల వదులు కంకర కావలెను. ఇంటి దారికి నడిమి విలువగా 1.3 రెట్లు తీసికొనవచ్చును. అప్పుడు 3.6 × 1.3 = 4.7 ఘనపు మీటర్లు, అనగా సుమారు 166 ఘనపుటడుగులు అగును. 3.6 మాత్రమే కొన్నచో అణిగిన మందము 7.7 సెంటీమీటర్లే మిగులును.

తూకమున కొనువారు మరొక లెక్క చేయవలెను. గ్రానైటు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 2.65 టన్నులు. వదులు కంకరలో రాయి భాగము 57 శాతమైనచో ఘనపు మీటరు బరువు 1.5 టన్నులు, మన దారికి ఏడు టన్నులు. తడిసిన సరకు తూచినపుడు నీటికి కూడ వెల కట్టవలసివచ్చును.

ట్రాలీ లెక్కన కొనువారు లోపలి కొలతలను తామే తీసికొనుట మేలు. 2.7 మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 0.5 లోతు గల ట్రాలీలో అంచు వరకు 2.43 ఘనపు మీటర్లు పట్టును. రెండు ట్రాలీలు చాలును. అయితే రేగడి నేలపై నేరుగా కంకర పోసినచో వానకు రాళ్ళు మట్టిలోనికి దిగును. అచట ముందు మొరము పరచి గట్టిపరచవలెను. ఆ మొరమునకు లెక్క వేరుగా వేయవలెను.