గోలు ఎవరి బాకీ?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బెంగాలీ ఇరుగుపొరుగులతోపాటు ఫుట్‌బాల్ వ్యామోహమూ అబ్బింది. భారత జట్టు గోలు చేయలేకపోవడం అటువంటి ఊళ్ళలో తెగని తగవు.

తగవుకు కారణం లేకపోలేదు. 2024లో మన జట్టు ఒక్క ఆటైనా గెలవలేదు. ఆ జూన్‌లో కలకత్తాలో కువైట్‌తో గోలు లేకుండానే ముగిసిన ఆటతో సునీల్ ఛెత్రీ సెలవు తీసుకున్నాడు. ఆ నెలలోనే శిక్షకుడు స్టిమాచ్‌కు ఉద్వాసన చెప్పారు. శిక్షకుడు మారినా ఆ ఏడాది గోల్సు పెద్దగా రాలేదు. చివరకు 2025 మార్చిలో నలభయ్యేళ్ళ ఛెత్రీనే వెనక్కి పిలిచారు. మాల్దీవులపై 3-0తో గెలిచిన ఆరు రోజులకే, షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌పై మళ్ళీ సున్నా!

తప్పు శిక్షకుడిదా, ఫార్వర్డులదా? క్లబ్బులదే అనడం సబబు. గోలు ముందరి చోటును అవి ఎక్కువగా విదేశీయులకే అప్పగిస్తూ వచ్చాయి. ఏడాది పొడవునా పక్కనుంచి బంతి అందించే కుర్రవాడు, దేశం తరఫున ఒక్కనాటిలో గోలు కొట్టడం నేర్చుకుంటాడా?

1964 ఆసియా కప్పులో దక్షిణ కొరియాను భారత్ 2-0తో ఓడించినప్పుడు మొదటి గోలు అప్పలరాజుది. పేరులోనే తెలుగుదనముంది. ఆయన ఆడిన జట్టు బి.ఎన్.ఆర్. - ఖరగ్‌పూర్‌ను రైల్వే పట్టణంగా నిలిపిన ఆ బెంగాల్-నాగపూర్ రైల్వే పేరే.