మీకు తెలుసా? చెరువులో దిగిన యుద్ధ విమానాలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బంగాళాఖాతంపై శత్రు జలాంతర్గాముల కోసం గాలించిన కెటలీనా విమానాలు నీటి మీదే దిగేవి. మద్రాసు శివారులోని రెడ్‌హిల్స్ చెరువు వాటికి స్థావరం.

నీరే కదా, మెత్తగా ఉంటుందనుకోవద్దు. వేగంగా తాకితే నేలంత గట్టిగా తగులుతుంది. చిరుఅలలున్న రోజుకన్నా గాలి స్తంభించిన రోజే పైలట్‌కు గండం: అద్దంలాంటి నీటిపై తానెంత ఎత్తులో ఉన్నాడో కంటికి అందదు. విమానం పొట్ట బలంగా కొట్టుకుంటే రేకుల రివెట్లు ఊడి, నీరు లోపలికి చొరబడేది.

ఈ విమానాలు మరమ్మతులకు బెంగళూరు వెళ్లేవి. బెళ్లందూరు చెరువులో దిగిన విమానాలను ఒడ్డుకు చేర్చి హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్మికులు బాగుచేసేవారు. వాళ్లకు దక్కాల్సినంత పేరు దక్కలేదు. యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వాళ్లు పనికిరాకుండా చేసి కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్ బాంబర్లకూ ఆ సంస్థే ప్రాణం పోసింది. 1948లో భారత వైమానిక దళంలో చేరిన ఆ విమానాలు 1968 దాకా ఎగిరాయి. తర్వాత కొన్ని బ్రిటన్, అమెరికా మ్యూజియంలకు చేరాయి.